బీటన్ చైనా ఫోటోలు దొరకట్లేదా? స్పెల్లింగ్ చూడండి

బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ సెసిల్ బీటన్ పేరు కొడితే రాణిగారి పోర్ట్రెయిట్లు, వోగ్ ఫ్యాషన్ ఫోటోలే వస్తున్నాయంటే, మీరు వెతకాల్సిన చోటు వేరు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1944లో ఆయన చైనాలో తీసినవి పత్రిక కోసం కాదు, బ్రిటిష్ సమాచార మంత్రిత్వ శాఖ కోసం. అందుకే అవి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి.

1. ఆ మ్యూజియం సైట్లో కలెక్షన్స్ సెర్చ్ తెరిచి "సెసిల్ బీటన్", "చైనా", "1944" అని ఇంగ్లీషులో కొట్టండి.

2. అందరూ తప్పేది ఇక్కడే. ఊళ్ల పేర్లు ఇప్పటి స్పెల్లింగ్‌తో కొడతారు. అప్పటి క్యాప్షన్లలో అలా ఉండవు. చెంగ్డూకి చివర "డి, యు" బదులు "టి, యు" పెట్టండి. చోంగ్‌చింగ్ అప్పట్లో చుంగ్‌కింగ్, అంటే "సి, హెచ్, యు, ఎన్, జి, కె, ఐ, ఎన్, జి". నేనూ ఒక పూటంతా కొత్త పేర్లతోనే కుస్తీ పట్టాను. పాత స్పెల్లింగ్ కొట్టగానే చెంగ్టు పోలీసులు, సైనికులు వరసగా వచ్చారు. యుద్ధమని తెలిసినా ఆయన కన్ను స్టూడియో కన్నే. వెలుతురు మొహం మీద ఎలా పడుతోందో చూడండి, తెలుస్తుంది.

3. వాడుకోవడానికి కాపీ కావాలంటే వికీమీడియా కామన్స్ అనే ఉచిత ఫోటోల సైట్లోనూ చాలా ఉన్నాయి. అక్కడా పాత స్పెల్లింగే.

మన దేశంలో తీసినవీ అదే కలెక్షన్లో ఉంటాయి. "ఇండియా" అని మార్చి కొట్టండి.