మొగలులా, మొఘలులా, మొగలాయీలా?

సందేహం: మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షకు చదువుతోంది. ఒక పుస్తకంలో 'మొఘలులు', ఇంకో దాంట్లో 'ముఘల్‌లు', పాత గైడులో 'మొగలాయీలు' అని ఉంది. ఏది సరైనదో తెలీక టెన్షన్ పడుతోంది. సర్కారు, తాసీల్దారు, ఫసలీ, ఖరీఫ్ లాంటి మాటలన్నీ మొగలుల పాలన వల్లే మనకు వచ్చాయా? చార్మినారు మొగలుల కట్టడమని ఓ వీడియోలో విన్నాను. అలా అనవచ్చా?

సమాధానం: ముందు అమ్మాయిని స్థిమితపడమనండి. ఈ మూడింటిలో ఏది రాసినా ఎవరి గురించో అందరికీ తెలుస్తూనే ఉంది. నన్నడిగితే మాత్రం 'మొగలులు' అని రాయడమే మేలంటాను.

ఫారసీలో ఈ మాట మధ్యలో ఉన్న అక్షరం మన 'ఘ' కాదు. గొంతు లోపల ఒరుసుకుంటూ పలికే ఒక రకం 'గ'. దాన్ని ఇంగ్లీషువాళ్ళు gh అని రెండు అక్షరాలు కలిపి రాశారు. ఆ స్పెల్లింగు చూసి మనవాళ్ళు ఒత్తు పెట్టారు. గరీబు, గులాము, కాగితం అన్న మాటల మూలాల్లోనూ అదే అక్షరం ఉంది. వాటిని ఎవరూ ఘరీబు, ఘులాము, కాఘితం అని రాయడం లేదు కదా! చెవితో నేర్చుకున్న మాటలకు ఒత్తు రాలేదు, కంటితో చదివి నేర్చుకున్నదానికి వచ్చింది. అలాగని 'మొఘల్'ను తప్పు అనలేం. పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది, ఉండనివ్వండి. 'ముఘల్' మాత్రం ఇంగ్లీషు అక్షరాలకు తెలుగు అక్షరాలు తగిలించినట్టు ఉంటుంది. నాకు నచ్చదు.

'మొగలాయీ' అసలు విశేషణం. మొగలులకు సంబంధించినది అని అర్థం. మొగలాయీ దర్బారు, మొగలాయీ పరాఠా అంటే బాగుంటుంది. మనుషులను 'మొగలాయీలు' అనడం పాత రచనల్లో కనిపిస్తుంది గానీ ఇప్పుడు అవసరం లేదు. పక్కన మరాఠీలో 'మొగలాయీ' అంటే నిజాం రాజ్యమనీ, అరాచక పాలన అనీ కూడా అర్థం ఉంది. నిజాములు మొదట మొగలుల తరఫున దక్కనుకు వచ్చిన సుబేదారులే, అంటే రాష్ట్ర పాలకులే కాబట్టి ఆ పేరు వాళ్ళ రాజ్యానికి అంటుకుంది.

తమాషా ఏమిటంటే ఆ వంశం వాళ్ళు తమను మొగలులమని చెప్పుకోలేదు. తండ్రి వైపు నుంచి బాబరు తైమూరు సంతతివాడు, తల్లి వైపు నుంచి చంగీజ్ ఖాను సంతతివాడు. అప్పట్లో మొగలులంటే ఆ తల్లి వైపు జనం. తన ఆత్మకథలో బాబరు వాళ్ళను తిట్టిపోశాడు! ఈ వంశానికి వాళ్ళు ఇష్టంగా చెప్పుకున్న పేరు 'గూర్కానీ'. గూర్కాన్ అంటే అల్లుడు. చంగీజ్ వంశపు పిల్లను చేసుకున్నందుకు తైమూరుకు వచ్చిన బిరుదు అది. అల్లుడి హోదానే వంశం పేరుగా చేసుకున్నారన్నమాట.

ఇక పాలన మాటల సంగతి. మీరు అడిగినవన్నీ మొగలుల ఖాతాలో వేయడం సరికాదు. దక్కనులో బహమనీ రాజ్యం 1347లోనే ఏర్పడింది. దాని నుంచి విడిపోయిన గోల్కొండ కుతుబ్‌షాహీలు 1687 దాకా తెలుగు నేలను ఏలారు. వాళ్ళ దర్బారు భాష ఫారసీ. ఫారసీ, తెలుగు రెండింటిలోనూ రాసిన ఫర్మానాలు కూడా ఇచ్చారు. మచిలీపట్నం రేవును చూసే అధికారిని అప్పట్లో హవల్దారు అనేవారు. ఔరంగజేబు నెలల తరబడి ముట్టడించి గోల్కొండను పట్టుకునేనాటికి ఫారసీ, అరబీ మాటలు మన కరణాల నోట తరతరాలుగా నలుగుతున్నాయి. 'తాసీల్దారు'లో తహసీల్ అరబీ, దారు ఫారసీ. వసూలు చేసేవాడని అర్థం. ఇలాంటి మాట ఫలానా పాదుషా కాలంలో దిగిందని తేదీ వేసి చెప్పలేం. ఖరీఫ్, రబీలు కూడా అంతే. అరబీలో ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. జూన్‌లో విత్తే పంటకు శరత్తు పేరేమిటంటారా? కోత కాలాన్ని బట్టి పెట్టిన పేరు అది. తెలంగాణలో ఇప్పుడు సర్కారు కాగితాల్లో కూడా వానాకాలం, యాసంగి అంటున్నారు. హాయిగా ఉంది.

కచ్చితంగా మొగలుల ముద్ర ఉన్న మాట కావాలంటే 'ఫసలీ'ని చూపిస్తాను. ఫసల్ అంటే పంట, పంట కాలం. హిజ్రీ సంవత్సరం చంద్రుడి లెక్క, దాదాపు 354 రోజులు. పంటలేమో సూర్యుడితో నడుస్తాయి. హిజ్రీ ప్రకారం శిస్తు అడిగితే గడువు ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది. కొన్నేళ్ళకు పంట ఇంకా చేలో ఉండగానే శిస్తు కట్టమన్నట్టు అవుతుంది. అందుకని అక్బరు తాను గద్దెనెక్కిన 1556ను, అంటే హిజ్రీ 963ను, ఆధారం చేసుకుని అక్కడి నుంచి సౌరమానంలో లెక్కపెట్టించాడు. దక్కనులో ఈ లెక్కను షాజహాను 1636లో మొదలుపెట్టించాడు. అప్పుడు హిజ్రీ 1046 నడుస్తోంది. అదే అంకె తీసుకున్నారు. మన ఫసలీకీ ఉత్తరాది ఫసలీకీ రెండేళ్ళకు పైగా తేడా రావడానికి కారణం ఇదే. 1636లోంచి 1046 తీసేస్తే 590. ఇప్పటికీ అంతే: 2025 జూలై 1న మొదలైంది 1435 ఫసలీ. నిజాం రాజ్యంలో ఏడాది మొదలయ్యే నెల వేరుగా ఉన్నా అంకె ఇదే వరస. హైదరాబాదు భూమి శిస్తు చట్టాన్ని '1317 ఫసలీ' అంటారు కదా, 590 కలిపి చూడండి, 1907 వస్తుంది. పాత పహాణీ, అడంగల్ చదివేటప్పుడు ఈ ఒక్క కూడిక తెలిస్తే చాలు.

'సర్కారు' మొగలుల కంటే ముందు నుంచీ ఉన్న మాటే. అక్బరు కంటే ముందు ఢిల్లీని ఏలిన షేర్షా పాలనలోనూ సర్కారులు ఉన్నాయి. అక్బరు 1580లో రాజ్యాన్ని పన్నెండు సుబాలు చేశాడు. సుబా కింద సర్కారు, సర్కారు కింద పరగణా. 'ఉత్తర సర్కారులు' అన్న పేరులో ఉన్నది ఈ విభాగమే, ప్రభుత్వం కాదు. శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అందులోవి. వీటిని ఇంగ్లీషు కంపెనీకి రాసిస్తూ 1765లో ఫర్మానా ఇచ్చింది కూడా మొగలు పాదుషా రెండో షా ఆలమే. అప్పటికి ఆయన చేతిలో ఉన్నది పేరే గానీ రాజ్యం కాదు. కాకినాడ నుంచి బయలుదేరే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌కు ఆ పేరు ఇక్కడి నుంచే వచ్చింది.

అమ్మాయి పరీక్షకు పనికొచ్చే మాట ఇంకొకటి. మొగలులు తమ ఉద్యోగులకు అంకెలతో హోదాలిచ్చిన పద్ధతి మన్సబ్‌దారీ. అందులో 'జాత్' అంటే జాతి కాదు. అది అరబీ మాట, వ్యక్తి అని అర్థం. ఆ మనిషి హోదాను, జీతాన్ని చెప్పే అంకె అది. 'సవార్' అతను పోషించాల్సిన రౌతుల లెక్క.

చార్మినారు మొగలుల కట్టడం కాదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. హైదరాబాదు మొగలుల చేతికి వెళ్ళింది దాదాపు వందేళ్ళ తర్వాత. మొగలుల గొప్ప కట్టడాలంటే ఎక్కువగా ఎర్ర ఇసుకరాయి, తెల్ల పాలరాయి, రాతిలో పొదిగిన రంగురాళ్ళు, నాలుగు భాగాల తోట. గోల్కొండ వారివి నల్లరాయి, సున్నం, గచ్చులో తీర్చిన పువ్వులు, తామర రేకుల్లోంచి లేచినట్టుండే గుమ్మటాలు. బిజాపూరు గోల్ గుంబజ్‌ను కూడా కొందరు ఇలాగే మొగలుల పద్దులో రాస్తుంటారు. అది ఆదిల్‌షాహీలది. దక్కనులో మొగలుల పనితనం చూడాలంటే ఒకప్పటి ఔరంగాబాదులోని బీబీ కా మక్బరాకు వెళ్ళండి. తాజ్‌మహలును చూసి కట్టినది. ఔరంగజేబు భార్య దిల్‌రస్ బాను సమాధి అది.

చార్మినారు పక్కనున్న మక్కా మసీదు విషయంలో మాత్రం మీరు విన్న వీడియోవాళ్ళకు కాస్త చోటివ్వవచ్చు. దాన్ని మొదలుపెట్టింది కుతుబ్‌షాహీలు, 1694 ప్రాంతంలో ముగించింది ఔరంగజేబు.