తోడు కోసం కింగ్‌స్నేక్ తెచ్చుకుంటానన్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా వచ్చాక గదిలో మనిషి అలికిడి లేదనీ, కుక్కను పెంచే తీరిక లేదు కాబట్టి కింగ్‌స్నేక్‌ను తెచ్చుకుంటాననీ రాశావు. తెచ్చుకో. విషం లేని పాము, మొదటిసారి పెంచేవాళ్లకు అనువైనది. కాలిఫోర్నియా రకం మామూలుగా మూడు, నాలుగడుగులు ఉంటుంది. రూల్స్ రాష్ట్రానికో రకం, హవాయిలో అయితే ఏ పామునూ పెంచుకోనివ్వరు. నీ రాష్ట్రంలో ఏముందో, ఇంటి లీజులో ఏం రాశారో నువ్వే చూసుకో. నాకు భయం వేసింది నువ్వు వాడిన 'తోడు' అన్న మాట దగ్గర.

నేనూ అందుకే తెచ్చుకున్నాను. ఆఫీసు నుంచి రాగానే దాన్ని చేతిలోకి తీసుకోవాల్సిందే. నేను దగ్గరికి వెళితే చాలు, తల ఎత్తి, నాలుక ఆడిస్తూ దాని పెట్టె అద్దం వెంబడే వచ్చేది. నన్ను గుర్తుపడుతోందని మురిసిపోయేవాణ్ణి. నిజానికి కింగ్‌స్నేక్‌కు తిండియావ ఎక్కువ, ఏది కదిలినా తిండే అనుకుంటుంది. అది తెలియక వారం తిరక్కముందే మళ్లీ ఎలుకను పెట్టడం, మింగిన సాయంత్రమే చేతికి చుట్టుకోవడం. ఒక పొద్దున చూస్తే సగం అరిగిన ఎలుక చెక్కపొట్టు మీద పడి ఉంది. గదంతా కుళ్లు వాసన. పాము మూలన ముడుచుకుపోయింది. ఇలా కక్కాక కనీసం పది, పద్నాలుగు రోజులు ఏమీ పెట్టకూడదు, ముట్టుకోకూడదు, నీళ్లు మాత్రం ఉంచాలి. తర్వాత మామూలు కంటే చిన్న ఎలుకతో మొదలుపెట్టాలి. తినే పామును చూస్తూ ఏమీ పెట్టకుండా ఉండటం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నిలబెట్టుకున్నాను. ఇప్పుడది నిగనిగలాడుతూ వేళకు తింటోంది. నాకు చెప్పే దిక్కు లేదు, నీకు నేనున్నాను, విను.

పిల్లపాముకు ఐదు నుంచి ఏడు రోజులకోసారి వెంట్రుకలు రాని ఎలుకపిల్ల చాలు. పెద్దదానికి వారం, రెండు వారాలకోసారి. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. బతికున్న ఎలుక వద్దు, తిరగబడి కొరుకుతుంది. గడ్డకట్టించి అమ్మేవి తెచ్చి, రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, తర్వాత కవర్లో పెట్టి గోరువెచ్చని నీళ్లలో వెచ్చబెట్టు. మైక్రోవేవ్ జోలికి వెళ్లకు. పొడవాటి పట్టకారుతోనే అందించు, వేళ్లకు ఎలుక వాసన ఉంటే వేళ్లనే పట్టుకుని చుట్టేస్తుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో, సాల్మొనెల్లా అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా ఉండొచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. పాపం ఒక్కటే ఉందని జత తేవాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఈ పాములు మిగతా పాముల్ని తింటాయి, విషం తట్టుకునే శక్తి ఉంది కాబట్టి రాటిల్‌స్నేక్‌నూ వదలవు. ఒకే పెట్టెలో ఇంకో కింగ్‌స్నేక్‌ను పెట్టినా మింగేయొచ్చు. ఒంటరితనం నీది తమ్ముడూ, దానిది కాదు.

ఇల్లు విషయానికొస్తే, ఒక వైపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రెండో వైపు 24 దగ్గర ఉంచు, రెండు వైపులా దాక్కునే చోటు పెట్టు. కింద వేడినిచ్చే హీట్ ప్యాడ్‌కు, ఆ వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ లేకపోతే పాము పొట్ట కాలిపోవచ్చు. దేవదారు పొట్టు వాడకు. మూతకు గట్టి క్లిప్పులు తప్పనిసరి, తల పట్టే సందు దొరికితే మొత్తం పాము బయటే. కళ్లు పాలు కలిపిన నీలంలా మారితే కుబుసం విడవబోతోందని అర్థం. అప్పుడు తినకపోయినా టెన్షన్ పడకు.

పదిహేను, ఇరవై ఏళ్లు బతికే ప్రాణి. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లినా, నెల రోజులు ఇండియా వెళ్లినా చూసుకునే మనిషి కావాలి. ఆ మనిషిని పాముకంటే ముందు వెతుక్కో. పామును తెచ్చాక మొదటి వారం దాన్ని కుదురుకోనివ్వు, నీళ్లు మార్చడం తప్ప చెయ్యి పెట్టకు. ఆ వారం సాయంత్రాలు గదిలో కూర్చోకుండా ఎవరింటికైనా భోజనానికి వెళ్లు, లేదా నాకు ఫోన్ చెయ్యి.