ముక్కు మూసుకుని మునగండి

ప్రశ్న: నమస్కారమండీ. పోయినేడు మా అబ్బాయి దగ్గరకి అమెరికా వెళ్తే ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ చూపించాడు. రిసార్ట్ ముందు పెద్ద సరస్సు, ఒడ్డున తెల్లటి ఇసక, పడుకునే కుర్చీలు అన్నీ ఉన్నాయి గానీ నీళ్ళలోకి మాత్రం దిగకూడదని బోర్డు. ఇంత డబ్బు పోసి ఇదేంట్రా అంటే "అమీబా ఉంటదమ్మా, మొసళ్ళు కూడా" అన్నాడు, నేను నవ్వేశాను. ఇప్పుడు మా అమ్మాయి వాళ్ళు ఎండాకాలం సెలవలకి విజయవాడ అవతల చెరువున్న రిసార్ట్ ఏదో బుక్ చేశారు. మనవడికి ఏడు, మనవరాలికి పది, చెరువులో ఈదుతామని ఇప్పట్నుంచే గోల. వద్దంటే అమ్మమ్మ చాదస్తం అంటారు. మావాడు చెప్పింది నిజమేనా?
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: రెండూ నిజమేనమ్మా, నవ్వే విషయం కాదు. అక్కడ ఒకప్పుడు ఆ సరస్సుల్లో ఈత కొట్టనిచ్చేవాళ్ళే. 1976లో బే లేక్ ఒడ్డున రివర్ కంట్రీ అని వాటర్ పార్క్ కూడా తెరిచారు, పల్లెటూరి పిల్లలు దూకే మడుగులా ఉండాలని ఆ సరస్సు నీళ్ళనే వడకట్టి వాడుకున్నారు. 1980లో అక్కడ ఈదిన 11 ఏళ్ళ పిల్లాడు ఈ అమీబా వల్లే పోయాడు. ఇక మొసలి సంగతంటే, 2016 జూన్‌లో అక్కడే సెవెన్ సీస్ లగూన్ అనే సరస్సు ఒడ్డున నీళ్ళ అంచున ఆడుకుంటున్న రెండేళ్ళ బాబుని లాక్కుపోయింది. అప్పటికి బోర్డు మీద ఈదొద్దని ఉంది గానీ మొసళ్ళున్నాయని లేదు, ఎందుకొద్దో రాయకపోతే మనలాంటి వాళ్ళకి అదేదో ఉత్త రూల్ లాగే కనిపిస్తుంది కదా.

మొసలి సంగతి అలా ఉంచి అమీబా సంగతి చూద్దాం. కంటికి కనపడని సూక్ష్మజీవి అది, పేరు నెగ్లేరియా ఫౌలెరి, టీవీల్లో మెదడు తినే అమీబా అని ఊదరగొడతారే, అదే. ఉప్పు లేని వెచ్చటి నీళ్ళలో, అడుగున బురదలో బతుకుతుంది, 46 డిగ్రీల వేడిని కూడా హాయిగా తట్టుకుంటుంది, రోహిణి కార్తెలో మోకాలి లోతు చెరువు నీళ్ళు ఎలా కాగుతాయో గుంటూరు వాళ్ళకి నేను చెప్పాలా. ఉప్పునీళ్ళలో ఉండదు, కాబట్టి సూర్యలంక వెళ్తే ఈ బెడద లేదు (అలల బెడద వేరే).

ఇక్కడ చాలామంది పొరబడేదేంటంటే, ఆ నీళ్ళు మింగితే వస్తుందనుకుంటారు. మింగితే ఈ జబ్బు రాదు. ముక్కులోకి జోరుగా వెళ్ళినప్పుడే ప్రమాదం. ముక్కు పైన వాసన నరాలు మెదడులోకి వెళ్ళే చోట జల్లెడలాంటి ఎముక ఉంటుంది, ఆ నరాలు పట్టుకుని ఆ చిల్లుల్లోంచే ఇది మెదడుకి చేరుతుంది. అందుకే నడుం లోతులో నిలబడి స్నానం చేసేవాడి కంటే గట్టు మీంచి దూకేవాడికి, అడుగున బురద కెలికేవాడికి ఎక్కువ భయం, అంటే సరిగ్గా మీ మనవడి వయసు పిల్లలు చేసే పనులే. నేనూ చిన్నప్పుడు బందరు కాలవలోకి దూకినవాణ్ణే, ముక్కులోకి నీళ్ళెళ్ళి నెత్తి దాకా మంటెక్కేది, అదో గొప్ప అనుకునేవాళ్ళం.

అలాగని హడలిపోకండి. అమెరికాలో 1962 నుంచి 2023 దాకా లెక్క తేలిన కేసులు 164, అంతే. కానీ వాళ్ళలో బతికింది నలుగురు. అంటే రావడం చాలా చాలా అరుదు, వస్తే మాత్రం దాదాపు ఆశ లేనట్టే. అదే అమెరికాలో నీళ్ళలో మునిగి పోయేవాళ్ళు ఏడాదికి 4 వేల పైనే. కాబట్టి నన్నడిగితే ఆ రిసార్ట్‌లో అమీబా కంటే ముందు చూడాల్సింది లోతు ఎంతో కనపడని ఆ బురద నీళ్ళనే, గట్టు మీద లైఫ్ జాకెట్లు ఉన్నాయా, పిల్లల్ని కనిపెట్టి ఉండేవాడు ఒకడైనా ఉన్నాడా అని.

ఇక చాదస్తం మాట. పుష్కరాల్లో మన నాయనమ్మలు కృష్ణలో ముక్కు పట్టుకుని మూడు మునకలేసేవాళ్ళు గుర్తుందా? డాక్టర్లు చెప్పేదీ అదే, ముక్కు పట్టుకోండి లేదా ఈత క్లిప్ పెట్టుకోండి, తల నీళ్ళ పైనే ఉంచండి, బురద కెలక్కండి అని. పిల్లల్ని చెరువులో బోటెక్కించండి, ఈత మాత్రం స్విమ్మింగ్ పూల్లో. అక్కడ కూడా వాసన చూసి క్లోరిన్ ఉందనుకోవద్దు, ఆ ఘాటు క్లోరిన్ చెమటతో మూత్రంతో కలిసినప్పుడు వచ్చేది. ఈరోజు రీడింగ్ ఎంత అని అడగండి, కనీసం 1 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళలో ఒక పాలు క్లోరిన్) ఉండాలి. అడిగితే బిత్తరచూపులు చూశారంటే ఆ పూల్ కూడా వద్దు.

ఇంకొక్క మాట. చెరువులో ఆడొచ్చిన 12 రోజుల్లోపు పిల్లలకి జ్వరం, భరించలేని తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం ఉంటే వెంటనే ఆసుపత్రికెళ్ళి, ఫలానా రోజు చెరువులో దిగారని డాక్టరుకి మీరే చెప్పండి, ఆయన అడిగేదాకా ఆగొద్దు. 2024లో కేరళలో కోళికోడ్ దగ్గర 14 ఏళ్ళ కుర్రాడు బతికి బయటపడ్డాడు, వాళ్ళ నాన్న ఈ జబ్బు గురించి చదివి ఉండి, పిల్లాడు చెరువులో ఈదాడని ముందే చెప్పడం వల్ల వెన్ను నీటి పరీక్ష తొందరగా చేశారు, కాలాజార్‌కి (ఇసక ఈగ కుడితే వచ్చే జబ్బు) వాడే మిల్టెఫోసిన్ అనే మందు ఇచ్చారు.

ప్రశ్న: సైనస్‌కి రోజూ జలనేతి (నీళ్ళతో ముక్కు లోపల కడుక్కోవడం) చేస్తాను, కుళాయి నీళ్ళు గోరువెచ్చగా చేసుకుని ఉప్పేసి. ఆపెయ్యాలా?
- పటమట, విజయవాడ

జవాబు: జలనేతి ఆపక్కర్లేదండీ, ఆ గోరువెచ్చ పద్ధతి ఆపండి. 2011లో అమెరికా లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు ఈ అమీబాతోనే పోయారు. తాగితే ఏమీ కాని నీళ్ళే, ముక్కుకి పనికి రాలేదు. గోరువెచ్చ అంటే దానికి ఇష్టమైన వేడి. నీళ్ళు కళపెళా ఒక నిమిషం మరగనిచ్చి, మూత పెట్టి చల్లార్చి, అప్పుడు ఉప్పు కలుపుకోండి, నేతి చెంబు కూడా అవే నీళ్ళతో కడిగి బోర్లించి ఆరబెట్టండి. రాత్రే మరగబెట్టి పెట్టుకుంటే పొద్దున్నే తొందర ఉండదు.