హోస్టింగ్ మార్చాక సైట్ తెరుచుకుంటోంది, మెయిళ్లు మాత్రం రావట్లేదు. ఎందుకు?

నేమ్‌సర్వర్లు (మీ డొమైన్ రికార్డులు ఉంచే సర్వర్లు) మార్చినప్పుడు పాత డీఎన్ఎస్‌లోని (డొమైన్ రికార్డుల పట్టికలోని) ఎంఎక్స్ (MX) రికార్డు దానంతటదే కొత్తచోటికి రాదు, అందుకే మెయిళ్లు ఆగిపోతాయి. సైట్ ఉన్న సర్వర్ చిరునామా చెప్పేది 'A' రికార్డు. మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పేది ఎంఎక్స్.

మీ మెయిల్ గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఉందనుకోండి. కొత్త హోస్టింగ్‌లోని సీప్యానెల్ (సైట్‌ను నిర్వహించే ప్యానెల్) మామూలుగా తన సర్వర్‌నే ఎంఎక్స్‌గా పెట్టుకుంటుంది. అక్కడ మీ మెయిల్‌బాక్స్ లేదు కాబట్టి పంపినవాళ్లకు 550 ఎర్రర్‌తో తిరిగొస్తుంది. ఆ ఎంఎక్స్‌ను తీసేసి smtp.google.com‌ను ప్రయారిటీ 1తో చేర్చండి. సీప్యానెల్‌లో ఈమెయిల్ రూటింగ్‌ను 'రిమోట్ మెయిల్ ఎక్స్ఛేంజర్'కు మార్చండి. చాలామంది మరిచిపోయేది ఇదే: మార్చకపోతే సైట్‌లోని కాంటాక్ట్ ఫారం మీ డొమైన్ అడ్రస్‌కు పంపే మెయిళ్లు ఆ సర్వర్ దాటి బయటికి రావు. ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ పంపే అనుమతి ఏ సర్వర్లకుందో చెప్పే) రికార్డు ఒక్కటే ఉండాలి, రెండుంటే చెల్లదు.

'డీఎన్ఎస్ మార్పులు అంతటా చేరేదాకా 48 గంటలు ఆగితే అదే సర్దుకుంటుంది' అనుకోవడం పొరపాటు. రికార్డు తప్పుగా ఉంటే నెల ఆగినా మెయిల్ రాదు.