ఫోన్‌లో లేజర్ ప్రొజెక్టర్: దాన్ని నమ్ముకుని ఎంటెక్‌లో చేరొచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది. 'ఇక మీదట ఫోన్లలో, టీవీల్లో అగ్గిపెట్టెంత లేజర్ ప్రొజెక్టర్లే వస్తాయి, ఆ లైన్‌లోనే ఎంటెక్ చేస్తా' అని పట్టుబడుతోంది. తోటివాళ్లంతా సాఫ్ట్‌వేర్ ప్లేస్‌మెంట్లకు తయారవుతున్నారు. ఈ రంగానికి నిజంగా భవిష్యత్తు ఉందా? ఏం చదివించమంటారు?

జవాబు: మీ అమ్మాయి నేర్చుకోవాలనుకుంటున్న విద్య గట్టిది. ఆమె కలగంటున్న వస్తువు, అంటే ఫోన్‌లో ప్రొజెక్టర్, రావడం మాత్రం కష్టం. ఈ రెంటినీ విడదీసి చూస్తే మీ ఇద్దరి మధ్య వాదన చాలావరకు తీరిపోతుంది.

ముందు ఫోన్ సంగతి. ఇది కొత్త ఊహేమీ కాదు. 2010 ప్రాంతంలోనే మైక్రోవిజన్ సంస్థ జేబులో పట్టే లేజర్ ప్రొజెక్టర్ అమ్మింది, దాని వెలుగు 10 ల్యూమెన్లు (మొత్తం వెలుగుకు కొలత ల్యూమెన్). 2012లో శామ్‌సంగ్ గెలాక్సీ బీమ్ ఫోన్‌లోనే ప్రొజెక్టర్ పెట్టింది, 15 ల్యూమెన్లు. అందులో వాడింది లేజర్ కాదు, ఎల్‌ఈడీ. రెండూ నిలబడలేదు. ఎందుకో ఒక చిన్న లెక్క చెబుతుంది, అమ్మాయితోనే వేయించండి. 40 అంగుళాల బొమ్మ వైశాల్యం సుమారు 0.44 చదరపు మీటర్లు. దాని మీద 20 ల్యూమెన్లు పరిస్తే దక్కేది 45 లక్స్, అంటే చదరపు మీటరుకు 45 ల్యూమెన్లు. ట్యూబ్‌లైట్ వేసిన హాల్లో గోడ మీద అప్పటికే 100 లక్స్ దాకా ఉంటుంది. అంటే ప్రొజెక్టర్ వేసే తెలుపు కన్నా గది వెలుతురే ఎక్కువ. ఇక బొమ్మలో నలుపు ఎక్కడ కనిపిస్తుంది?

వెలుగు పెంచితే సరిపోదా అంటే, రెండు గోడలు అడ్డొస్తాయి. మొదటిది వేడి. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది దాదాపు 19 వాట్-అవర్లు. ప్రొజెక్టర్ ఒక్కటే 10 వాట్లు లాగితే రెండు గంటల్లోపే బ్యాటరీ ఖాళీ. అంతకంటే ముందే ఫోన్ చేతిలో పట్టుకోలేనంత కాలుతుంది. రెండోది కన్ను. కంటికి కనిపించే లేజర్లలో క్లాస్ 2 అనే భద్రతా తరగతి పరిమితి 1 మిల్లీవాట్. కన్ను పావు సెకనులో దానంతట అదే మూసుకుంటుందన్న లెక్క మీద పెట్టిన హద్దు అది. కిరణం కదులుతూ ఉంటుంది కాబట్టి ప్రొజెక్టర్‌కు కొంత వెసులుబాటు దొరుకుతుంది. అయినా పసిపిల్లలు నేరుగా తొంగిచూసే వస్తువులో వెలుగును ఇష్టమొచ్చినట్టు పెంచడానికి లేదు.

టీవీల కథ వేరు. 2008లో మిత్సుబిషి లేజర్‌వ్యూ పేరుతో టీవీ తెచ్చి 2012 చివర్లో మానుకుంది. ఆ తర్వాత వచ్చినవి గోడకు జానెడు దూరంలో బల్ల మీద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో లేజర్ టీవీలు. ఇవి నిలదొక్కుకున్నాయి. పెద్ద సైజుల్లో వీటికి చోటుంటుంది. పెద్ద ఎల్‌సీడీ ప్యానెళ్ల ధరలు ఏటా దిగుతున్నాయి కనుక మామూలు ఇంటి హాల్లోకి ఇవే వస్తాయని చెప్పలేం.

అసలు ఆశ ఇంకోచోట ఉంది. ఈ చిన్న ప్రొజెక్టర్ గుండెకాయ రెండు భాగాలు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం లేజర్ డయోడ్లు, వాటి కిరణాన్ని అటూ ఇటూ ఊపే మెమ్స్ అద్దం, అంటే చిప్ మీద చెక్కిన అతి చిన్న కదిలే అద్దం. ఫోన్‌లో ఇమడని ఈ జంట 2019లో మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ 2 కళ్లజోడులోకి వెళ్లింది. కంటికి అతి దగ్గరగా బొమ్మ వేయడానికి ల్యూమెన్లు ఎన్నో అక్కర్లేదు. కారు అద్దం మీద వేగం చూపించే హెడ్-అప్ డిస్‌ప్లేలకూ ఇదే విద్య. కారు చుట్టూ దూరాలు కొలిచే లైడార్‌లోనూ ఇదే పనికొస్తుంది. మైక్రోవిజన్ సంస్థే ప్రొజెక్టర్ల నుంచి లైడార్ వైపు మళ్లింది. వస్తువు పోయినా విద్య పోలేదు.

అయితే ఈసీఈ పిల్లకు ఇందులో పనేముంటుందని మీకు అనుమానం రావచ్చు. చాలా ఉంది. అద్దం అడ్డంగా ఊగే వేగం చూడండి. 720 గీతల బొమ్మను సెకనుకు 60 సార్లు గీయాలంటే 43,200 గీతలు కావాలి. పోతూ ఒకటి, వస్తూ ఒకటి గీస్తే అద్దం సెకనుకు 21,600 సార్లు ఊగాలి. గీతకు 1280 పిక్సెళ్లు అనుకుంటే ఒక్కోదానికి సగటున 18 నానోసెకన్లే దక్కుతాయి. పైగా అద్దం ఉయ్యాలలాంటిది: మధ్యలో జోరు, అంచుల్లో నెమ్మది. మధ్య పిక్సెల్‌కు దక్కేది పదకొండున్నర నానోసెకన్లు. అన్ని పిక్సెళ్లకూ ఒకే టైమ్ ఇస్తే బొమ్మ అంచులు వెలిగిపోతాయి, మనుషుల ముఖాలు మధ్యలో సాగిపోతాయి. దీన్ని ఎఫ్‌పీజీఏలో (మనకు కావలసినట్టు సర్క్యూట్ మార్చుకోగల చిప్) సరిదిద్దేది, అంత వేగంగా లేజర్ కరెంటును పెంచి తగ్గించే డ్రైవర్ సర్క్యూట్ తయారుచేసేది ఈసీఈవాళ్లే.

చెడిపోయే తీరు కూడా ఈసీఈ కంటితోనే పట్టుకోవాలి. వేడెక్కేకొద్దీ అద్దం సహజ పౌనఃపున్యం, అంటే అది తనంతట తాను ఊగే వేగం, మారుతుంది. అప్పుడు పోయే గీత, వచ్చే గీత ఒకదానితో ఒకటి కలవక నిలువు గీతలు రంపపు పళ్లలా కనిపిస్తాయి. మూడు డయోడ్లలో వేడికి ముందు నీరసించేది ఎరుపు. అరగంట నడిచాక తెల్లచొక్కా నీలిపచ్చగా మారిందంటే కారణం అదే. ఫోటోడయోడ్‌తో ప్రతి రంగునూ కొలుస్తూ కరెంటు సర్దకపోతే ఆ జబ్బు కుదరదు. గోడ మీద ఇసుక చల్లినట్టు మెరిసే స్పెకిల్ మరో తలనొప్పి. లేజర్ కాంతి అంతా ఒకే లయలో ఉండటమే దానికి కారణం. పూర్తిగా పోదు, తగ్గించగలం.

ఇక ఏం చేయాలి? ఎంటెక్ నిర్ణయానికి ముందు ఆరు నెలలు చేతులు పెట్టి చూడమనండి. మొదటి పనికి లేజర్ కూడా అక్కర్లేదు. కాలేజీలో ఉన్న ప్రొజెక్టర్‌తో తెల్ల బొమ్మ వేసి, దాన్ని తొమ్మిది గళ్లుగా భావించి, ఒక్కో గడి మధ్యలో లక్స్‌మీటర్‌తో కొలిచి, సగటును బొమ్మ వైశాల్యంతో గుణించాలి. వచ్చేదే ల్యూమెన్లు. డబ్బా మీద అచ్చేసిన అంకెకూ దీనికీ ఉండే తేడా నేర్పినంత బాగా ఏ పాఠమూ నేర్పదు. తర్వాత బెంగళూరు ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే రెండు చిన్న స్పీకర్ల మీద అద్దం ముక్కలు అతికించి, 1 మిల్లీవాట్ లోపు ఎర్ర లేజర్‌ను వాటి మీదుగా పంపి గోడపై బొమ్మలు గీయమనండి. ఆ పైన ఎఫ్‌పీజీఏ బోర్డుతో లేజర్‌ను వెలిగించి ఆర్పుతూ అక్షరాలు రాయించవచ్చు. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఇదే చాలు.

ఒక్కటి గట్టిగా చెప్పండి. చవక ఆకుపచ్చ లేజర్ పాయింటర్లు వాడొద్దు. వాటిలో చాలావాటికి 532 నానోమీటర్ల పచ్చ వెలుగు పరారుణ కిరణాల నుంచి పుడుతుంది. లోపల ఫిల్టర్ పెట్టకపోతే ఆ పరారుణమూ బయటికొస్తుంది. అది కంటికి కనిపించదు కాబట్టి రెప్ప వాలదు. పచ్చ కావాలంటే 520 నానోమీటర్ల డయోడ్ మాడ్యూల్ కొని, కాలేజీ ల్యాబ్‌లో పవర్‌మీటర్‌తో కొలిపించి, తగిన కళ్లద్దాలు పెట్టుకునే వాడాలి. ఇంట్లో వద్దు.

ఇదంతా చేశాక ఇంకా ఇష్టం మిగిలి ఉంటే గేట్ రాయించండి. పేరులో ప్రొజెక్టర్ ఉన్న కోర్సు కోసం వెతకొద్దు. ఫోటోనిక్స్ (కాంతిని పుట్టించి, నడిపించే విద్య), ఆప్టో ఎలక్ట్రానిక్స్, మెమ్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ చూడండి. ఊళ్లోనే ఐఐఎస్‌సీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ అండ్ అప్లైడ్ ఫిజిక్స్ విభాగం, నానోసైన్స్ కేంద్రం సెన్స్ ఉన్నాయి. ఐఐటీ మద్రాస్ ఎలక్ట్రికల్ విభాగంలో ఫోటోనిక్స్ బలంగా ఉంది. ఐఐటీ ఢిల్లీలో ఆప్టో ఎలక్ట్రానిక్స్ అండ్ ఆప్టికల్ కమ్యూనికేషన్ ఎంటెక్, కొచ్చి విశ్వవిద్యాలయంలో ఫోటోనిక్స్ స్కూల్ పేరున్నవి. విదేశాలంటే అరిజోనా, రోచెస్టర్, జర్మనీలోని యేనా. అమెరికాలో ఆప్టిక్స్ ఉద్యోగాలు చాలా రక్షణ రంగంలో ఉంటాయి, అవి విదేశీ విద్యార్థులకు దక్కడం కష్టం. అప్పు తీసుకునే ముందు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మన దగ్గర లేజర్ డయోడ్ల తయారీ ఉద్యోగాలు తక్కువ. డ్రైవర్ సర్క్యూట్లు, ఫర్మ్‌వేర్, టెస్టింగ్, ఆప్టికల్ అలైన్‌మెంట్ పనులే ఎక్కువ దొరికేవి. బెంగళూరులో ఇస్రో వారి ఆప్టిక్స్ ల్యాబ్ లియోస్, రక్షణ ఎలక్ట్రానిక్స్ తయారుచేసే బీఈఎల్, వాహన ఎలక్ట్రానిక్స్ సంస్థలు, ఆప్టికల్ టెలికాం సంస్థలు ఉన్నాయి. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ వారి లేజర్ పరిశోధన కేంద్రం చెస్ ఉంది. మన మచిలీపట్నంలోని బీఈఎల్ యూనిట్‌లో రాత్రిపూట చూసే పరికరాలు తయారవుతాయి. ప్లేస్‌మెంట్లనూ వదలొద్దు: వెరిలాగ్ (చిప్ సర్క్యూట్లు రాసే భాష), సీ, అనలాగ్ సర్క్యూట్లు బాగా వస్తే వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్), ఎంబెడెడ్ ఇంటర్వ్యూలకూ ఆ చదువే అక్కరకొస్తుంది.

సీటు వచ్చిన చోటల్లా చేరిపోకుండా, అక్కడ ఎంటెక్ చదువుతున్న సీనియర్ ఒకరితో అమ్మాయిని పది నిమిషాలు మాట్లాడమనండి. ఆప్టికల్ టేబుల్ మీద విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు దొరుకుతాయి, డయోడ్ కాలిపోతే కొత్తది రావడానికి ఎన్నాళ్లు పడుతుంది, నిరుటి బ్యాచ్ ఎక్కడ చేరింది అని అడిగితే చాలు.