కెర్నెల్ క్లీనప్ ప్యాచ్‌లా? చెక్‌ప్యాచ్ మాట వినకండి

"లినక్స్ కెర్నెల్‌కి చిన్న చిన్న క్లీనప్ ప్యాచ్‌లు పంపితే ఏమైనా నేర్చుకుంటామా, లేక టైమ్ దండగా?" అని అడిగారు. ప్యాచ్ అంటే కోడ్‌లో చేసే మార్పు, దాన్ని మెయిల్లో పంపాలి. పంపండి. కానీ కోడ్ రాసే తీరులో లోపాలు ఎత్తిచూపే చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చెప్పిందల్లా చేయకండి. నేను చేసి తల బొప్పి కట్టించుకున్నాను.

నాలుగేళ్ల కిందటి మాట. పగలు ఆఫీసులో జావా, రాత్రి భోజనాలయ్యాక కెర్నెల్. అందరూ చెప్పినట్టే కెర్నెల్ కోడ్‌లోని స్టేజింగ్ ఫోల్డర్‌లో దిగాను. ఇంకా ఓ దారికి రాని డ్రైవర్లను 2008 నుంచీ అక్కడే పెడుతున్నారు. ఓ వైఫై డ్రైవర్ మీద చెక్‌ప్యాచ్ నడిపితే స్క్రీన్ నిండా హెచ్చరికలు. అందులో ఒకటి, కాసేపు ఆగడానికి వాడే యుడిలే ఫంక్షన్ బదులు యుస్లీప్_రేంజ్ వాడమని. ఒక్క లైనే కదా! మార్చాను, కంపైల్ అయింది, పంపేసి హాయిగా పడుకున్నాను.

పొద్దున్నే ఒక్క లైను జవాబు: ఈ ఫంక్షన్‌ని ఎవరు పిలుస్తున్నారో చూశారా అని. అప్పుడు చూశాను. పిలిచేచోట స్పిన్‌లాక్ (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి ముట్టుకోకుండా వేసే తాళం) పట్టుకుని ఉంది. స్పిన్‌లాక్ పట్టుకున్న కోడ్ నిద్రపోకూడదు. యుడిలే మేలుకునే ఆగుతుంది, యుస్లీప్_రేంజ్ కునుకు తీస్తుంది. నా ప్యాచ్ తీసుకుని ఉంటే ఎవరి మెషీనో బిగుసుకుపోయేది. పైగా ఆ వైఫై కార్డు నా దగ్గర లేనే లేదు, దేనిమీద పరీక్షించినట్టు? చెవులు వేడెక్కిపోయాయి.

తర్వాతిది ఉత్త బ్రాకెట్ల ప్యాచ్. దానికీ మూడు వెర్షన్లు పట్టాయి. మొదటిసారి బ్రౌజర్‌లోంచి జీమెయిల్‌లో పేస్ట్ చేసి పంపితే ట్యాబ్‌లన్నీ స్పేస్‌లైపోయి ప్యాచ్ ఎక్కలేదు. రెండోసారి ప్యాచ్‌లను మెయిల్ చేసే గిట్ సెండ్-ఈమెయిల్ కమాండ్ వాడాను గానీ, ముందు వెర్షన్ నుంచి ఏం మార్చానో మెయిల్లోని మూడు గీతల (---) కింద రాయడం మరిచాను.

ఇంకో గోల. లైను పొడవు మీద చెక్‌ప్యాచ్ హద్దును 2020లోనే 80 నుంచి 100 అక్షరాలకు పెంచారు. అయినా పాత ట్యుటోరియళ్లు చూసి చక్కగా ఉన్న లైన్లను విరగ్గొట్టి పంపేవాళ్లున్నారు. ఒక ఖాళీ లైను తీసేసి ప్రొఫైల్లో 'కెర్నెల్ డెవలపర్' అని పెట్టుకునేవాళ్ల గురించి ఇక చెప్పను.

స్టేజింగ్ బయట మాత్రం ఉత్త స్టైల్ ప్యాచ్‌లు పంపకండి, చాలామంది మెయింటైనర్లకు (ఆ కోడ్ బాధ్యత చూసేవాళ్లకు) చిరాకు. మీ దగ్గరున్న హార్డ్‌వేర్‌కి స్టేజింగ్‌లో డ్రైవరుంటే దాన్నే పట్టుకోండి. ప్యాచ్‌ని ముందు మీకు మీరే మెయిల్ చేసుకుని, మెయిల్లోని ప్యాచ్‌ని కోడ్‌కి ఎక్కించే గిట్ ఏఎమ్ కమాండ్‌తో ఎక్కుతుందో లేదో చూడండి.