ప్రాసెసర్ వేడెక్కుతోందన్న మేనకోడలికి

చిన్నీ,

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. వీడియో రెండర్ అవుతుంటే, అంటే ఎడిట్ చేసింది ఫైలుగా తయారవుతుంటే, ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు చూపిస్తోంది. నీ రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కి దాని తయారీ కంపెనీ ఏఎండీ పెట్టిన హద్దు సరిగ్గా అదే. అక్కడికి చేరగానే ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. నీ రెండర్ ఆలస్యమవుతున్నది అందుకే. కాలిపోతుందేమోనని టెన్షన్ పడకు, కానీ అలా వదిలేయకు కూడా.

ప్రాసెసర్‌కూ, దాని మీద ఫ్యాన్‌తో కూర్చునే కూలర్‌కూ మధ్య రాయడానికి ఏ థర్మల్ పేస్ట్ కొనాలి అని అడిగావు. కొనే ముందు రెండు పనులు చెయ్యి. టేబుల్ కింద అరలోంచి క్యాబినెట్‌ను బయటికి తీసి, వెనక ఒక జానెడు ఖాళీ ఉండేలా పెట్టు. అమ్మ దాని మీద కప్పే గుడ్డ వాడేటప్పుడు ఉండకూడదు. తర్వాత కరెంటు వైరు పీకి, పక్క తలుపు తీసి, కూలర్ రెక్కల మధ్య దుమ్ము చూడు. బెజవాడలో రోడ్డు వైపు కిటికీ ఉన్న గది కదా, రెండు మూడేళ్లకు దుప్పటిలా పట్టేస్తుంది. మెత్తటి బ్రష్, బ్లోయర్ చాలు. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకో, లేకపోతే బేరింగులు దెబ్బతింటాయి. ముందున్న ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. కాగితం ముక్క పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంత చేశాక కూడా 85 దాటుతుంటే అప్పుడు పేస్ట్ మార్చు. పేస్ట్ పని చాలా చిన్నది. ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు చూడటానికి నున్నగా ఉన్నా వాటి మీద కంటికి ఆనని గీతలు, గుంటలు ఉంటాయి. వాటిలో నిలిచిన గాలి వేడిని సరిగా దాటనివ్వదు. పేస్ట్ ఆ గాలిని తోసేసి దాని చోట కూర్చుంటుంది. వేడిని మోయడంలో అది గాలి కంటే వందల రెట్లు మేలు, కూలర్ లోహం కంటే పదుల రెట్లు తక్కువ. అందుకే పొర పలచగా ఉండాలి. పేరున్న ఏ పేస్టయినా ఒకటే అనుకో, వాటి మధ్య తేడా రెండు మూడు డిగ్రీలు. కూలర్ ఒక మూల సరిగా బిగియకపోతే మాత్రం పది డిగ్రీలకు పైనే తేడా వస్తుంది. పేస్ట్ బదులు వాడే లిక్విడ్ మెటల్ గురించి ఎవరైనా చెబితే వినకు. అందులో గాలియం ఉంటుంది, అది అల్యూమినియాన్ని తినేస్తుంది. నీ కూలర్ అల్యూమినియమే.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది కూలర్ ఊడదీసేటప్పుడు. బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు, అదే సాకెట్, నీది ఏఎం4 రకం, అంటే 1331 పిన్నులూ ప్రాసెసర్ అడుగునే ఉంటాయి. ఎండిన పేస్ట్ జిగురులా పట్టేస్తే కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాబట్టి పది నిమిషాలు ఏదైనా బరువైన పని నడిపించి పేస్ట్ వెచ్చబడ్డాక షట్‌డౌన్ చెయ్యి. వైరు పీకి, ఫ్యాన్ కేబుల్ తీసి, నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల వారీగా కొంచెం కొంచెం వదులు చెయ్యి. వెనక తలుపు కూడా తీసి బోర్డు వెనకున్న ప్లేటును ఒక చేత్తో పట్టుకో. ఆ స్క్రూలు పోతే దానికి పట్టు ఉండదు, జారి పడుతుంది. తమ్ముణ్ని సాయం అడుగు. ఇక కూలర్‌ను నిట్టనిలువుగా లాగకు. కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ ఉండు, పట్టు వదిలాక పైకెత్తు.

పాత పేస్ట్ తుడవడానికి మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తెచ్చుకో. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో గ్లిజరిన్ లాంటివి మిగిలిపోతాయి. పోగులు ఊడని గుడ్డతో రెండువైపులా మెరిసేదాకా తుడిచి ఆరనివ్వు. తుడిచాక అక్కడ వేలు పెట్టకు.

ఆ మూత కింద రెండు చిప్పులు ఉంటాయి. లెక్కలు చేసే చిన్న చిప్పు నడిమధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. అందుకని మధ్యలో ఒక్క చుక్కతో ఆగకుండా, బఠాణీ గింజంత మధ్యలో, నాలుగు మూలల వైపు నాలుగు చిన్న చుక్కలు పెట్టు. కార్డుతో పరచాల్సిన పనిలేదు, కూలర్ ఒత్తిడికే పరుచుకుంటుంది. కొంచెం అంచుల దాటి వచ్చినా మామూలు పేస్ట్‌తో ప్రమాదం లేదు, కానీ సాకెట్‌లోకి కారేంత పెట్టకు.

కూలర్‌ను నేరుగా దించు, దించాక మళ్లీ ఎత్తి చూడకు. ఎత్తితే పేస్ట్‌లో గాలి బుడగలు చేరతాయి, మళ్లీ తుడిచి మొదలెట్టాల్సిందే. స్క్రూలు నాలుగూ రెండేసి చుట్లు తిప్పి, ఎదురు మూలకు వెళ్లి, అలా ఆగేదాకా బిగించు. ఫ్యాన్ కేబుల్‌ను బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోటే పెట్టు. చాలామంది ఇది మర్చిపోయి పేస్ట్‌ను తిడతారు.

పోల్చేటప్పుడు అదే వీడియో, అదే పది నిమిషాలు, గదిలో వేడి ఎంతో కూడా రాసుకో. గది పది డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే పైకి పోతుంది. ఉదయం ఏసీలో ఒకసారి, మే నెల మధ్యాహ్నం ఏసీ లేకుండా ఒకసారి చూసి పేస్ట్ పనిచేయలేదంటే అన్యాయం. ఆ ఎండల్లో ఏ పేస్టూ గది కంటే చల్లగా చేయలేదు. ఏప్రిల్, మే నెలల్లో బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే బోర్డు సెట్టింగుల్లో, కరెంటు తక్కువ వాడే ఎకో మోడ్ పెట్టుకో. 65 వాట్ల ప్రాసెసర్ 45 వాట్ల వర్గంలో నడుస్తుంది, వేగం కొంచెమే తగ్గుతుంది, వేడి మాత్రం బాగా దిగుతుంది. నాకైతే కొత్త కూలర్ కొనే ముందు ప్రతి ఒక్కరూ ఇది ప్రయత్నించాలనిపిస్తుంది.

ఈ పేస్ట్ మూడు నాలుగేళ్లు వస్తుంది. నెలనెలా మార్చకు. ఆదివారం చేద్దామనుకుంటే పదింటి తర్వాత మొదలుపెట్టు, కూలర్ ఊడదీసే ముందు వీడియో కాల్ చెయ్యి, నేను చూస్తుంటాను.

నీ మామయ్య